టోపీ ఉంది, ప్యాంటు మారింది: ఒక వేట దుస్తుల కంపెనీ కేస్ స్టడీ

అమెరికా పర్వత రాష్ట్రాల్లో వేట దుస్తులు తయారుచేసే ఒక మధ్యతరహా కంపెనీ తన మరమ్మతు గదిని మూసేయవచ్చో లేదో తేల్చి చెప్పమని నన్ను పిలిచింది. వారంటీ కింద వెనక్కి వచ్చే సరుకు తగ్గుతూ వస్తోంది. అమ్మకాలు పెరుగుతున్నాయి. అంటే నాణ్యత మెరుగుపడినట్టే కదా, ఇక ఆ కుట్టుమిషన్లూ వాటి ముందు కూర్చునే మనుషులూ ఎందుకు అన్నది యాజమాన్యం లెక్క. కాగితం మీద చూస్తే అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు.

నా వృత్తి వాపసు వచ్చిన బట్టను పరీక్షించడం. టెక్స్‌టైల్ టెక్నాలజీ చదువుకుని, మొదట మిల్లుల్లో నాణ్యత పరీక్షలు చేసి, తర్వాత కొండలూ అడవులూ తిరిగేవారి దుస్తుల కంపెనీలకు సలహాలిచ్చే పనిలోకి వచ్చాను. చిరుగు చూస్తే చాలా తెలుస్తుంది. వేసుకున్నవాడు దేనికి ఒరుసుకున్నాడు, బ్యాగు పట్టీ ఎక్కడ కోసింది, కుట్టు ముందు ఓడిందా బట్ట ముందు ఓడిందా అన్నవన్నీ అందులోనే ఉంటాయి. ఈ కేసులో మాత్రం నేను ఎక్కువగా వెతికింది రాకుండా పోయిన బట్టల గురించి. క్లయింటు పేరు చెప్పను, మా ఒప్పందం అలాంటిది. అందరికీ తెలిసిన కంపెనీల చరిత్ర మాత్రం పేర్లతోనే చెబుతాను. అది లేకుండా ఈ కేసు అర్థం కాదు.

ఎవరీ కొనుగోలుదారు

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట అంటే నేరం, లేదంటే పాత సంస్థానాల గోడలమీద వేలాడే ఫొటో. అమెరికాలో అది లైసెన్సు, సీజను, కోటా ఉన్న వ్యవహారం. 2022 జాతీయ సర్వే ప్రకారం 16 ఏళ్లు, ఆపైన వయసున్నవారిలో దాదాపు 1 కోటి 44 లక్షల మంది ఆ ఏడాది వేటకు వెళ్లారు. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకుల మీద, తూటాల మీద, తర్వాతి కాలంలో విల్లంబుల సామగ్రి మీద వసూలయ్యే ఎక్సైజ్ సుంకం రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుంది. అడవిని నిలబెడుతున్నది తమ డబ్బేనన్న పట్టుదల వేటగాళ్లలో అందుకే అంత బలంగా ఉంటుంది. దుస్తుల మీద ఆ సుంకం లేదు. కాబట్టి ప్రకటనల్లో సంరక్షణ గురించి పెద్ద మాటలు చెప్పే దుస్తుల కంపెనీని వారు మొదటినుంచీ ఓ కంట కనిపెడుతూనే ఉంటారు.

వేట మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. నేను శాకాహారిని. ఆ సంగతి తెలిసిన క్లయింట్లు భోజనాల దగ్గర కాసేపు నవ్వుకుని ఊరుకుంటారు.

వాళ్లకు బట్టతో ఉన్న అవసరం మాత్రం మామూలు కొండదారి నడకవాళ్ల అవసరం లాంటిది కాదు. సెప్టెంబరులో విల్లుతో ఎల్క్ అనే పెద్ద జింక వేటకు వెళ్లేవాడికి తెల్లవారుజామున గడ్డకట్టే చలి, మధ్యాహ్నం చెమట, సాయంత్రం వడగళ్లు ఒకే రోజు ఎదురవుతాయి. బాణం వేయాలంటే చాలామంది 40 గజాల లోపలికి వెళ్లాలనుకుంటారు. అంత దగ్గరలో జంతువును బెదరగొట్టేవి వాసన, కదలిక, చప్పుడు. రంగు వాటి తర్వాతే. జింక జాతి కంటికి ఎరుపు, నారింజ రంగులు మనకు కనిపించినట్టు కనిపించవు. తుపాకీ సీజనులో సాటి వేటగాడు పొరబాటున కాల్చకుండా మెరిసే నారింజ రంగు వేసుకోవాలన్న నియమం చాలా రాష్ట్రాల్లో ఉండటానికి అదే వీలు కల్పించింది. కొలరాడోలో అది కనీసం 500 చదరపు అంగుళాలు, తలమీద కూడా ఉండాలి. గులాబీ రంగైనా ఫర్వాలేదు. వందల డాలర్లు పోసి కొన్న ఆకుల డిజైను జాకెట్ మీద తక్కువ ధర నారింజ చొక్కా తొడుక్కుని తిరిగే మనిషికి డిజైను విలువ ఎంతో బాగా తెలుసు. అతను డబ్బు పెట్టింది బట్ట మీద.

పాత కథలు, క్లుప్తంగా

వేటగాడికీ దుస్తుల కంపెనీకీ మధ్య అనుబంధం ఎలా మొదలైందో చెప్పడానికి ఎల్.ఎల్.బీన్ కంటే మంచి ఉదాహరణ లేదు. 1912లో మెయిన్ రాష్ట్రంలో లియాన్ లియన్‌వుడ్ బీన్ అడుగున రబ్బరు, పైన తోలు ఉండే వేట బూట్లు చేయించాడు. బయటి రాష్ట్రాలనుంచి వచ్చి లైసెన్సు తీసుకున్న వేటగాళ్ల జాబితా సంపాదించి, వాళ్లకే కరపత్రాలు పంపాడు. మొదటి 100 జతల్లో 90 జతలు కుట్టు ఊడి వెనక్కి వచ్చాయి. డబ్బు తిరిగి ఇచ్చేసి, అప్పు చేసి, బూటు సరిచేసి మళ్లీ అమ్మాడు. కంపెనీ పేరు నిలబెట్టింది ఆ 90 జతలే అని నేను ఎక్కడైనా చెబుతాను. శతాబ్దం తర్వాత, 2018లో, అదే కంపెనీ ఎప్పుడైనా వాపసు ఇవ్వవచ్చన్న హామీని ఒక ఏడాదికి కుదించింది. పాత వస్తువుల సంతల్లో కొన్నవి తెచ్చి డబ్బు అడిగేవారు ఎక్కువయ్యారన్నది వారి కారణం. అది నిజమే అయి ఉంటుంది. నేనూ అలాంటి సరుకు చూశాను. కానీ హామీని ఒక్కసారి కూడా వాడుకోని పాత కొనుగోలుదారులు కూడా ఆ రోజు నొచ్చుకున్నారు.

అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ పేరు వింటే నేటి కుర్రకారుకు టీ షర్టులు గుర్తొస్తాయి. 1892లో న్యూయార్క్‌లో మొదలైనప్పుడు అది శిబిరాల సామగ్రి, తుపాకులు, వేట దుస్తులు అమ్మే దుకాణం. థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆఫ్రికా యాత్రకు సామగ్రి ఇచ్చింది. 1976లో దివాలా తీసింది. పేరు చేతులు మారి, 1988లో ది లిమిటెడ్ కంపెనీకి చేరి, అక్కడినుంచి మాల్ దుస్తుల బ్రాండ్‌గా కొత్త జన్మ ఎత్తింది. ఎడ్డీ బాయర్ సియాటిల్‌లో 1920లో దుకాణం పెట్టి, చేపల వేటలో చలికి ప్రాణం మీదికి వచ్చాక ఈకలు నింపి కుట్టిన జాకెట్ తయారుచేసి, 1940లో పేటెంటు పొందాడు. 1968లో ఆయన పక్కకు తప్పుకున్నాడు. 1971లో కంపెనీని కొన్నది జనరల్ మిల్స్, అంటే అల్పాహారం తృణధాన్యాల సంస్థ. ఆ తర్వాత అది ఆఫీసు చొక్కాల దారి పట్టింది.

వీటన్నిటిలో నాకు ఎక్కువ బాధ కలిగించేది వూల్‌రిచ్. పెన్సిల్వేనియాలో 1830 నుంచి ఉన్ని నేసిన సంస్థ. ఎరుపు, నలుపు గళ్ల వేట కోటు ప్యాంటు జతను అక్కడ ముద్దుగా పెన్సిల్వేనియా టక్సీడో అనేవారు. తాతల కోట్లు మనవళ్లు వేసుకున్న ప్రాంతం అది. 2016లో ఇటలీ భాగస్వామితో విలీనమై, ఐరోపా నగరాల్లో ఖరీదైన చలికోట్ల బ్రాండ్‌గా వెలిగింది. 2018 చివర్లో పెన్సిల్వేనియా మిల్లు మూతపడింది. ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటే ఇదే. వేటగాళ్లు వాపోయేది కూడా సరిగ్గా ఇదే అర్థంలో.

అయితే ఫ్యాషన్ కావడమే నేరమైతే ఇంగ్లండ్‌లోని బార్బర్ ఎప్పుడో మునిగిపోయి ఉండాలి. 1894 నాటి ఆ కుటుంబ సంస్థ మైనం పూసిన జాకెట్లను లండన్ వీధుల్లో గొడుగు మర్చిపోయిన ప్రతివాడూ వేసుకుంటాడు. అయినా సౌత్ షీల్డ్స్‌లో వాళ్లు పాత జాకెట్లకు మళ్లీ మైనం పూసి, చిరుగులకు మాసికలు వేసి పంపుతూనే ఉన్నారు. మరమ్మతు గది మూయడంపై నా అభిప్రాయం అడిగినప్పుడు నాకు మొదట తట్టింది ఈ తేడాయే.

సిట్కా, కూయూ, ఫస్ట్ లైట్

నేటి వేట దుస్తుల బజారును అర్థం చేసుకోవాలంటే ఈ మూడు పేర్లు చాలు. 2005లో కాలిఫోర్నియాలోని నాపాలో జొనాథన్ హార్ట్, జేసన్ హేర్‌స్టన్ సిట్కా మొదలుపెట్టారు. పర్వతారోహకులు అప్పటికే చెమట పీల్చే లోపలి పొర, వేడినిచ్చే నడిమి పొర, గాలివాన ఆపే పై పొర అన్న పద్ధతికి అలవాటుపడ్డారు. వేటగాళ్లలో చాలామంది ఇంకా నూలు కామోఫ్లాజ్ (అడవిలో కలిసిపోయే ఆకుల డిజైను బట్టలు) వేసుకుని తడిసి వణుకుతున్నారు. ఆ పద్ధతిని వేటకు తగ్గట్టు మార్చి తెచ్చిన ఘనత చాలావరకు సిట్కాది. 2009లో నీరు లోపలికి రానివ్వని గోర్-టెక్స్ బట్ట తయారుచేసే డబ్ల్యు.ఎల్. గోర్ దాన్ని కొన్నది. జంతువుల చూపు మీద పరిశోధించిన జే నైట్జ్, సైనిక కామోఫ్లాజ్ నిపుణుడు టిమథీ ఓ'నీల్ వంటివారితో గోర్ చేయించిన ఆప్టిఫేడ్ కామోఫ్లాజ్ డిజైను సిట్కా గుర్తుగా మారింది. పెద్ద సంస్థ చేతికి వెళ్లాక సరుకు పాడైందనడం అబద్ధం. సాంకేతికంగా చాలా విషయాల్లో బాగుపడింది.

అయినా ఒక చీలిక వచ్చింది. సిట్కా నుంచి బయటికి వచ్చిన హేర్‌స్టన్ 2011లో కూయూ పెట్టాడు. అలాస్కాలోని ఒక దీవి పేరు అది. కంపెనీ పుట్టకముందే ఇంటర్నెట్‌లో రోజువారీగా రాయడం మొదలుపెట్టాడు. ఏ మిల్లు బట్ట చూశాను, జపాన్ టోరే కంపెనీ బట్ట ఎందుకు ఎంచుకున్నాను, ఈ నమూనాలో ఏది నచ్చలేదు అన్నవి. డీలర్లు లేకుండా నేరుగా అమ్ముతాను కాబట్టి డీలరు లాభం బట్టలోకి వెళ్తుందని లెక్క చెప్పాడు. చదివినవారు ప్రశ్నలు అడిగారు, ఆయన జవాబులిచ్చాడు. సరుకు వచ్చేసరికి కొనడానికి మనుషులు సిద్ధంగా ఉన్నారు.

నా దృష్టిలో ఇక్కడ జరిగింది ఒక బ్రాండ్ మీద విశ్వాసం పోయి ఇంకో బ్రాండ్ మీద పుట్టడం కాదు. తప్పు జరిగితే అడగడానికి ఒక మనిషి దొరికాడు. వేటగాడు నమ్మేది జవాబు చెప్పే మనిషిని. లోగో ఆ మనిషి చిరునామా మాత్రమే. చిరునామా మారకుండా మనిషి మారితే కొద్దికాలం ఎవరికీ తెలియదు. 2018లో హేర్‌స్టన్ మరణించాడు. కూయూ పెరిగింది, సొంత దుకాణాలు తెరిచింది. ఒకప్పుడు సిట్కా గురించి కూయూ అభిమానులు అన్న మాటలే ఇప్పుడు కూయూ గురించి వేరేవారు అనడం నేను శిబిరాల్లో వింటున్నాను. ట్రక్కు నడపడానికి వేసుకునే బట్టలు, ఫొటోల కోసం వేసుకునే బట్టలు, ఇలా.

ఫస్ట్ లైట్ కథ మరో రకం. ఐడహోలో మెరినో ఉన్నితో మొదలైన చిన్న కంపెనీని 2019లో స్టీవెన్ రినెల్లా స్థాపించిన మీట్‌ఈటర్ సంస్థ కొన్నది. దాని వెనుక చెర్నిన్ గ్రూప్ పెట్టుబడి ఉంది. వేట గురించి కార్యక్రమాలు తీసే సంస్థే దుస్తులు కూడా అమ్ముతోందంటే, జవాబు చెప్పే మనిషి ముఖాన్ని కొనుక్కుని సరుకు పక్కన నిలబెట్టినట్టే. తెలివైన పనే. ఆ ముఖం సమాధానం చెబుతూ ఉన్నంతకాలం నడుస్తుంది కూడా.

క్లయింటు దగ్గర ఏం మారింది

నా క్లయింటు వ్యవస్థాపకుడు స్వయంగా విల్లు వేటగాడు. అలసిపోయాడు, వయసైంది, కంపెనీని ఒక పెట్టుబడి నిధికి అమ్మాడు. అందులో నాకు తప్పేమీ కనిపించదు. కొత్త యజమానులు మూర్ఖులూ కాదు, దురాశాపరులూ కాదు. వాళ్లు చేసిన ప్రతి మార్పుకూ ఒక మంచి కారణం ఉంది. ఈ కేసులో కష్టం అదే.

ప్యాంటు సంగతి చూడండి. పాత ప్యాంటుకు పైముఖం మీద నూగు లేపిన బట్ట వాడేవారు. ముట్టుకుంటే పాత దుప్పటిలా ఉంటుంది. ముళ్లకు పట్టుకుంటుంది, కొంతకాలానికి ఉండలు కడుతుంది, షాపులో చూసేవారికి ముతకగా కనిపిస్తుంది. కొత్త బట్ట నున్నగా, గట్టిగా నేసింది. రాపిడి పరీక్షలో పాతదానికంటే బాగా నిలిచింది, నీరు త్వరగా జారిపోతుంది, ఊళ్లో వేసుకున్నా బాగుంటుంది. మిల్లు ఇచ్చిన పరీక్ష కాగితంలో రాపిడి, చిరుగు బలం, నీటి నిరోధం, గాలి ప్రసరణ అన్నీ ఉన్నాయి. చప్పుడు అన్న గడి లేదు. ఆ పరీక్షను మామూలుగా ఎవరూ అడగరు.

నేను రెండు ప్యాంట్లనూ ఒక మూసిన గదిలోకి తీసుకెళ్లి, ఎండిన ఫర్ చెట్టు (సూదుల్లాంటి ఆకులుండే కొండ చెట్టు) కొమ్మను తొడ దగ్గర ఒకే ఒత్తిడితో పై నుంచి కిందికి లాగాను. పాతదాని మీద కొమ్మ మెత్తగా జారింది, ఉఫ్‌మని ఊదినంత శబ్దం. కొత్తదాని మీద కాగితం గోకినట్టు గీరుమంది. మోకాలు వంచి కూర్చున్నప్పుడు మోకాలి వెనుక మడత కూడా చిన్నగా చిటపటలాడింది. సమావేశంలో కూడా అదే కొమ్మతో చేసి చూపించాను. ఆర్థిక విభాగం అధిపతి అంతవరకు ఫోను చూస్తున్నవాడు తలెత్తాడు. ఆ తర్వాత బట్ట గురించి నేను పెద్దగా మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

తొడ పక్కన గాలికోసం పెట్టే జిప్పును పొట్టిగా చేశారు. ఖర్చు తగ్గింది, చూడటానికీ నీటుగా ఉంది. కానీ బరువైన బ్యాగు నడుము పట్టీ బిగించాక జిప్పు పై భాగం దాని కిందికి పోతుంది. పాత పొడవులో కింద ఇంకా తెరవడానికి చోటుండేది. కొత్త పొడవులో దాదాపు ఏమీ మిగలదు. బ్యాగు వేసుకోని మనిషికి ఇది ఎన్నటికీ తెలియదు. పొడుగు కాళ్లవారి సైజులు తీసేశారు, అమ్మకం తక్కువని. హుడీలు, టోపీలు, ఊరి జాకెట్లు చేర్చారు, అవి బాగా అమ్ముడుపోయాయి.

మరమ్మతు విషయంలో వచ్చిన మార్పు చూడటానికి అన్నిటికంటే చిన్నది. ఇదివరకు వేటగాడు జాకెట్‌ను పెట్టెలో పెట్టి ఓ చీటీ రాసి పంపేవాడు. కొత్త పద్ధతిలో వెబ్‌సైటులో ఫారం నింపాలి, అసలు కొన్న రసీదు జతచేయాలి, కొన్నవాడే అడగాలి. ఫోను చేస్తే బయటి కాల్ సెంటరు ఎత్తుతుంది. చాలా కేసుల్లో మరమ్మతుకు బదులు కొత్తది కొనుక్కోమని తగ్గింపు కూపను వస్తుంది. కూపను ఇవ్వడం మరమ్మతుకంటే చవక, పైగా అమ్మకమూ పెరుగుతుంది కదా అన్నారు.

మరమ్మతు చీటీలు చెప్పింది

మరమ్మతు గదిలో చాలాకాలంగా పనిచేస్తున్న ఒక పెద్దావిడ ప్రతి బట్టకూ చేతితో చీటీ రాసి పుస్తకంలో అతికించేది. పేరు, ఊరు, ఏం చిరిగింది, ఎప్పటికి కావాలి. ఆ చివరి గడిలో ఎక్కువగా ఆగస్టు చివరి తేదీలు, సెప్టెంబరు మొదటి తేదీలు ఉంటాయి. అంటే విల్లు సీజనుకు ముందు. కంపెనీ కంప్యూటర్లలో ఎక్కడా లేని సమాచారం అది. నన్నడిగితే కంపెనీలో అన్నిటికంటే విలువైన ఆస్తి ఆ పుస్తకమే. ఆవిడకు అది పాత అలవాటు, అంతే.

చీటీల్లోని పేర్లను కొనుగోళ్ల జాబితాతో పోల్చి చూశాం. సమయానికి బాగుచేసి పంపినవారిలో చాలామంది తర్వాతి ఏడాదుల్లో మళ్లీ కొన్నారు. చిరిగిన జాకెట్ కాదు, దాని పక్కన ఇంకేదో. కూపను అందుకున్నవారిలో ఎక్కువమంది దాన్ని వాడనేలేదు. వారిలో ఎవరూ తిట్టలేదు, ఉత్తరం రాయలేదు. ఫిర్యాదు చేసేవాడు ఇంకా మనవాడే. వీళ్లు ఆ దశ దాటిపోయారు.

వారంటీ సరుకు ఎందుకు తగ్గిందో అప్పుడు తేలింది. రెండు కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. కొత్తగా కొన్నవారు జాకెట్‌ను కాఫీ షాపుకు వేసుకెళ్తారు, అక్కడ అది చిరగదు. చిరిగేచోట వేసుకునే పాతవారు పంపడం మానేశారు. నాణ్యత పెరగడానికీ ఈ తగ్గుదలకూ సంబంధం లేదు.

మరి అమ్మకాల నివేదికలో పాతవారి వెళ్లిపోవడం ఎందుకు కనిపించలేదు? ఏడాదిలో ఏదో ఒకటి కొన్న ప్రతివాడినీ కంపెనీ ఉన్న కొనుగోలుదారుగా లెక్కిస్తోంది. చీటీల పుస్తకంలోని కొందరికి నేనే ఫోను చేశాను. ఐడహోలోని ఒక విశ్రాంత ఉద్యోగి చాలా మర్యాదగా మాట్లాడాడు.

"మీ టోపీ ఇప్పుడూ నా తలమీదే ఉందండీ. మొన్న క్రిస్మస్‌కు మా అల్లుడికీ ఒకటి కొన్నాను. ప్యాంటు మాత్రం వేరే కంపెనీది."

"ఎప్పటినుంచి?"

"కొత్త ప్యాంటు వేసుకున్న మొదటి రోజునుంచే. జాకెట్ ఆ మరుసటి ఏడాది మార్చాను."

కంపెనీ లెక్కల్లో ఈయన విశ్వాసపాత్రుడు. టోపీ కొన్నాడు కదా. మిగతావారి మాటల్లోనూ వరుస దాదాపు ఇలాగే ఉంది. పొదలకు తగిలే ప్యాంటు ముందు పోతుంది, తర్వాత పై జాకెట్, ఆ తర్వాత లోపలి ఉన్ని పొరలు. టోపీ చివరిదాకా ఉంటుంది, కొందరిదైతే అసలు మారదు. అది పాత రోజుల జ్ఞాపకం. దాని లోగోను చూసి కంపెనీ పెద్దలు మురిసిపోతున్నారు.

ఫోనులో నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకొకటి. ఎందుకు మారారని అడిగితే మొదట అందరూ చెప్పేది మాల్ గురించి, హుడీల గురించి, అడవి మొహం చూడని కుర్రవాళ్లు ఈ బ్రాండ్ వేసుకోవడం గురించి. కోపం నిజమైనదే. కానీ ఏది ముందు మార్చారు, ఏ నెలలో, ఏం జరిగాక అని తరచి అడిగితే హుడీలు ఎక్కడా రావు. కొమ్మకు గీరిన చప్పుడు, తెరుచుకోని జిప్పు, సీజను దాటాక వచ్చిన కూపను వస్తాయి. సర్వేల్లో మొదటి జవాబునే రాసుకునేవారు వాణిజ్యమే కారణమని తేల్చేస్తారు. హుడీలు ఆపేస్తే అంతా సర్దుకుంటుందని సలహా కూడా ఇస్తారు.

ఒక్క విషయంలో మాత్రం వేటగాళ్ల అనుమానం న్యాయం కాదు. కొత్త వాన జాకెట్లు త్వరగా తడుస్తున్నాయి, పెట్టుబడిదారులు వచ్చి నాసిరకం పూత వాడుతున్నారు అని చాలామంది అన్నారు. నీరు నిలవనివ్వని పాత పూతల్లో పీఫాస్ అనే, ప్రకృతిలో తేలిగ్గా కరిగిపోని రసాయనాలు ఉండేవి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి దుస్తుల్లో వాటిపై నిషేధం అమల్లోకి వచ్చింది, తీవ్రమైన వానకు పనికొచ్చే దుస్తులకు మాత్రం 2028 వరకు గడువు ఉంది. పరిశ్రమ అంతా కొత్త పూతలకు మారుతోంది. వాటిని తరచుగా ఉతికి, కాస్త వేడి చూపించాలి. పొగ, జిడ్డు పట్టిన జాకెట్‌ను సీజనంతా ఉతక్కుండా వాడే అలవాటుకు అవి తట్టుకోవు. ఈ సంగతి జాకెట్‌తోపాటు ఒక కాగితం మీద రాసి ఇస్తే సరిపోయేది. ఇవ్వలేదు. చెప్పకపోవడం వల్ల మంచి మార్పు కూడా మోసంలా కనిపించింది.

గది గురించి నేను చెప్పింది, వారు ఒప్పుకున్నది

మరమ్మతు గది మూయవద్దన్నాను. రసీదు నియమం తీసేయమన్నాను, తండ్రి జాకెట్‌ను కొడుకు పంపినా తీసుకోవాలి. ఆగస్టులో వచ్చిన వేట బట్టలను మిగతా పనులకంటే ముందు చేయాలి, కుట్టినవారి పేరు చీటీ మీద ఉండాలి. పాత ప్యాంటు బట్టను తిరిగి తేవాలి. పొడుగు సైజులు తేవాలి. హుడీలు, టోపీలు హాయిగా అమ్ముకోండి, కానీ ఉన్న కొనుగోలుదారుల లెక్కలోంచి వాటిని తీసేసి విడిగా చూడండి.

ఆర్థిక విభాగం అధిపతి మంచి ప్రశ్న వేశాడు. వేటగాడు ఒక జాకెట్ కొంటే ఏళ్లపాటు మళ్లీ కొనడు, దాన్ని మనం ఉచితంగా కుడుతూ కూర్చోవాలి. పట్నం కొనుగోలుదారు ఏడాదికో రంగు కొంటాడు. ఈ పట్నంవాణ్ని వదిలి ఆ వేటగాణ్ని ఎందుకు పట్టించుకోవాలి? వేటగాళ్లు లేకుండా కంపెనీ బతకదని నేను అనలేదు. అబర్‌క్రాంబీ బతికింది, వేటగాళ్లు ఉన్నప్పటికంటే ఘనంగా బతికింది. పట్నంవాళ్లు ఈ జాకెట్ కొంటున్నది వేటగాళ్లు నమ్మారన్న పేరు మీదే కావచ్చు, కాకపోవచ్చు. ఆ సంబంధాన్ని నా దగ్గరున్న లెక్కలతో రుజువు చేయలేను. వేటగాళ్ల కంపెనీగా ఉండటం, పట్నం బ్రాండ్‌గా మారడం అన్న రెండు దారుల్లో ఏదో ఒకటి తెలిసి ఎంచుకోండి అన్నాను. తెలియకుండా రెండోదానిలోకి జారుతూ మొదటిదానిలో ఉన్నామనుకోవద్దన్నాను. మీ ప్రకటనలన్నీ ఇంకా కొండల మీది వేటగాళ్ల ఫొటోలే కదా అని కూడా గుర్తుచేశాను.

గది ఉండిపోయింది. రసీదు నియమం పోయింది. లెక్కలు విడదీశారు. విడదీసిన మొదటి నివేదిక చూసి సమావేశ గదిలో ఎవరూ పెద్దగా మాట్లాడలేదట, నేను అక్కడ లేను. ప్యాంటు బట్ట దగ్గర చిక్కు వచ్చింది. మిల్లు కనీస ఆర్డరు ఎక్కువ అడిగింది. చివరికి ఒకే రంగులో, విల్లు వేటకని ప్రత్యేకంగా పేరుపెట్టి, పొడవు జిప్పుతో చేయించారు. పొడుగు సైజులు ఒప్పుకోలేదు. నిల్వ మిగిలిపోతుందన్న భయం. ఆ భయం అబద్ధమేమీ కాదు గానీ, పొడుగువాళ్లు ప్యాంటుతోపాటు మిగతావన్నీ కూడా ఇంకోచోటే కొంటారన్నది వారు లెక్కలోకి తీసుకోలేదు.

మరుసటి సీజనుకు ముందు మరమ్మతుకు వచ్చే పెట్టెలు పెరిగాయి. కొన్నిట్లో చాలా పాత జాకెట్లు, మోచేతుల దగ్గర ఇంటి మాసికలు వేసుకున్నవి. విడిచి వెళ్లినవారంతా తిరిగి రాలేదు. నేను ఫోను చేసినవారిలో కొందరు ఇప్పుడు వాడుతున్న కంపెనీతో సంతోషంగా ఉన్నారు, వాళ్లను కదపడం ఎవరి తరమూ కాదు. కొత్త విల్లు వేట ప్యాంటు వేటగాళ్లకే చేరింది. దాన్ని కొన్నవారి పేర్లలో చీటీల పుస్తకంలోని పేర్లు ఉన్నాయి.

వారంటీ ఖర్చు మాత్రం మళ్లీ పెరిగింది. వచ్చే బడ్జెట్ ముసాయిదాలో ఆ వరుసను ఎర్ర రంగులో చూపించి, పక్కన "నాణ్యత సమస్య?" అని రాసి నాకు పంపారు. కొమ్మ చూపించినప్పుడు గదిలో లేని కొత్త అధికారి రాసిన మాట అది. చీటీల పుస్తకంలోని పేజీల నకళ్లు, వాటి పక్కన ఎవరు తర్వాత ఏం కొన్నారన్న పట్టిక జతచేసి జవాబు పంపాను. పొడుగు సైజుల విషయం కూడా అదే ఉత్తరంలో మళ్లీ రాశాను.